సూట్‌కేసులో వెళ్లే మందుల గురించి అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు

తానా, ఆటా, నాట్స్, నాటా, ఇంకా అక్కడ ఊరూరా ఉన్న తెలుగు సంఘాల కార్యవర్గాలకు,

నేను విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు నడిపే ఫార్మసిస్టుని. డిసెంబరు వచ్చినా, జూన్ వచ్చినా మా కౌంటరు ముందు మీ వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పెళ్లికో, గృహప్రవేశానికో, అమ్మానాన్నల్ని చూడటానికో వస్తారు. తిరుగు ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు ఫోన్‌లో చీటీ చూపించి "ఇవన్నీ ఆరు నెలలకి ఇచ్చేయండి" అంటారు. ఆ మాట పక్కవాళ్లకి వినపడకుండా అంటారు. బిల్లు వద్దంటారు. బరువని డబ్బాలు ఇక్కడే పారేయమంటారు. అక్కడి డాక్టరుకి తెలుసా అని అడిగితే చాలామంది నవ్వి ఊరుకుంటారు.

ఆ గుట్టు గురించే ఈ ఉత్తరం. మందు చవగ్గా కొనుక్కోవడం వల్ల మీ వాళ్లకు వచ్చే ముప్పు తక్కువ. దాన్ని దాచిపెట్టడం వల్ల వచ్చే ముప్పు చాలా ఎక్కువ. ఈ మాట నేను ఒక్కొక్కరికీ కౌంటరు మీద నుంచి చెబుతూనే ఉన్నాను. కానీ వేల కుటుంబాలకు ఒకేసారి చెప్పగలిగింది మీరే.

ముందుగా ఒకటి స్పష్టంగా చెబుతాను. ఇక్కడ కొనడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. షుగరుకి వాడే జార్డియన్స్ అనే మాత్రకి 2023లో అమెరికాలో నెలకి కంపెనీ వేసిన ధర 573 డాలర్లు. అదే జబ్బుకి వాడే జనువియాకి 527. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎలిక్విస్‌కి 521. ఈ లెక్కలు నావి కావు, 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వమే, వయసు మళ్లినవాళ్ల ప్రభుత్వ బీమా మెడికేర్ తరఫున కంపెనీలతో చేసిన బేరసారాల ఫలితాలు ప్రకటిస్తూ చెప్పినవి. ఆ బేరం తర్వాత 2026 జనవరి నుంచి మెడికేర్ వాళ్లకి జార్డియన్స్ 197, జనువియా 113, ఎలిక్విస్ 231 డాలర్లకు దిగాయి. మరి మెడికేర్ లేనివాళ్లో? ఉద్యోగం పోయి, దాంతోపాటు బీమా కూడా పోయినవాళ్లో? పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న తల్లిదండ్రులో? జార్డియన్స్‌లో ఉండే మందు పేరు ఎంపాగ్లిఫ్లోజిన్. దాని పేటెంటు ఇక్కడ 2025 మార్చిలో ముగిసింది. అప్పటిదాకా అరవై రూపాయల చుట్టుపక్కల ఉన్న మాత్ర, కొన్ని కంపెనీలు తయారు చేయడం మొదలుపెట్టిన వారంలోనే పది రూపాయల లోపుకి వచ్చింది. అక్కడ నెలకి దాదాపు యాభై వేల రూపాయలు పలికేది ఇక్కడ మూడొందల లోపు. కళ్లముందు ఇంత తేడా కనపడుతుంటే కొనుక్కోకండని ఏ మొహం పెట్టుకుని చెప్పగలను?

ఈ చవక ఊరికే రాలేదు. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా, దాన్ని తయారు చేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందు చేసుకోవచ్చు. 2005లో ఆ వెసులుబాటు పోయేదాకా ఉన్న మూడు దశాబ్దాల్లో మన దేశం మందులు చేయడం నేర్చుకుంది. అందులో పెద్ద పాఠశాల హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్. అక్కడ పనిచేసి బయటికి వచ్చిన కల్లం అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్‌దే అయిన నాట్కో 2012 మార్చిలో క్యాన్సర్ మందు సొరాఫెనిబ్‌కి దేశంలోనే మొదటి కంపల్సరీ లైసెన్సు, అంటే పేటెంటు వేరేవాళ్లదైనా తయారు చేసుకునే అనుమతి, తెచ్చుకుంది. నెలకి రెండు లక్షల ఎనభై వేలు దాటే మందు 8,880 రూపాయలకి వచ్చింది. పాత మందుకే చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగడం కుదరదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అనే విదేశీ కంపెనీ కేసులో తేల్చింది. చట్టం చేసి, కోర్టులో కొట్లాడి సంపాదించుకున్న చవక ఇది. దాన్ని చాటుగా కొనాల్సిన పని లేదు.

అలాగని అన్నీ ఇక్కడే కొనాలనుకోవడమూ పొరపాటే. మీ వాళ్ల చీటీల్లో సగం మందులు అక్కడ కూడా చవకే. అమెరికాలో రాసే ప్రతి పది చీటీల్లో తొమ్మిదింటికి ఇచ్చేది జనరిక్ మందే. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2024లో వేసిన లెక్క ప్రకారం బ్రాండు పేరుతో అమ్మే మందుల ధరలు అక్కడ మిగతా సంపన్న దేశాలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. బ్రాండు లేని జనరిక్‌ల ధరలు మాత్రం ఆ దేశాలకంటే తక్కువే. షుగరుకి వాడే మెట్‌ఫార్మిన్, బీపీకి వాడే లిసినోప్రిల్ లాంటివి వాల్‌మార్ట్ 2006 నుంచే నెలకి 4 డాలర్లకి, 2008 నుంచి మూడు నెలలకి 10 డాలర్లకి ఇస్తోంది. వీటిని డజన్ల కొద్దీ స్ట్రిప్పులుగా సూట్‌కేసులో కుక్కుకుని పోయేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. ఎందుకంటే ఆ మెట్‌ఫార్మిన్ కింద, పచ్చళ్ల మధ్య, నిజంగా జాగ్రత్తగా వెళ్లాల్సిన మందు నలిగిపోతుంటుంది.

ఇక దాచిపెట్టడం ఏం చేస్తుందో చెబుతాను. డల్లాస్ వైపు ఉండే ఒక పెద్దాయన చాలా ఏళ్లుగా నా దగ్గరే బీపీ మాత్రలు తీసుకెళ్లేవారు. టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్ రెండూ కలిసిన మాత్ర అది. మన దగ్గర ఇలా కలిపి చేసిన మాత్రలు లెక్కలేనన్ని. మూడు మందులు కలిసినవీ ఉంటాయి. పైన మాత్రం ఏదో ముద్దు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, లోపలేముందో అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఆయనకి తెలిసింది పైన ఉన్న పేరు మాత్రమే. అక్కడ డాక్టరు మారారు. కొత్త డాక్టరమ్మ ఏమేం మందులు వాడుతున్నారని అడిగితే, ఇండియా మందులంటే ఏమంటుందోనని, ఏమీ లేవన్నారట. ఆ రోజు బీపీ కాస్త ఎక్కువే ఉంది. ఆమె లిసినోప్రిల్ రాసింది. డాక్టరు రాసింది కాబట్టి అదీ మొదలుపెట్టారు, ఇంట్లో నిల్వ ఉంది కాబట్టి ఇదీ ఆపలేదు.

టెల్మిసార్టన్, లిసినోప్రిల్ వేర్వేరు మందులే గానీ ఒంట్లో రెండూ పట్టుకునేది ఒకే వ్యవస్థని. రెండూ కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఈ రెండు కోవల మందుల్ని కలిపి వాడితే అదనపు లాభం లేదనీ, హాని మాత్రం పెరుగుతుందనీ 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ అధ్యయనం చూపించింది. ఆ డాక్టరమ్మకి తెలిసి ఉంటే ఒకటి ఆపి ఒకటి ఇచ్చేది. ఆయన కొన్ని వారాలకే కళ్లు తిరిగి బాత్‌రూంలో పడిపోయారు. మరుసటి ఏడాది ఇక్కడికి వచ్చినప్పుడు ఆస్పత్రి కాగితాలు నా కౌంటరు మీద పరిచి చూపించారు. పొటాషియం అంకె పక్కన వాళ్లు గుర్తు పెట్టి ఉంది. ఇన్నేళ్లలో ఆయన మిగుల్చుకున్నది ఆ ఒక్క ఆస్పత్రి బిల్లులో ఏ మూలకీ రాలేదు. ఆయన మాత్రలు మంచివే, గడువు ఉన్నవే, సరైన మోతాదువే. తప్పల్లా, అవి ఉన్నాయని డాక్టరుకి తెలియకపోవడం.

ఇలాంటిదే ఇంకొకటి ఉంది. జ్వరమొస్తే డోలో వేసుకుంటారు, తగ్గలేదని అక్కడి టైలెనాల్ వేసుకుంటారు, రాత్రికి జలుబు సిరప్ కూడా తాగుతారు. మనం పారాసెటమాల్ అనేదాన్నే అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. మూడింట్లోనూ అదే ఉండొచ్చు, మూడూ లివరు మీదే పడతాయి. ఆయాసానికి మనం వాడే సాల్బుటమాల్ అక్కడి ఆల్బుటరాల్. దేశం మారితే పేరు మారుతుందని తెలియక ఒకే మందు రెండుసార్లు మింగేవాళ్లని చూశాను. నిమెసులైడ్ సంగతి మరీ ముఖ్యం. ఒంటి నొప్పులకి ఇక్కడ ఇంటింటా కనపడే ఈ మాత్రకి అమెరికాలో ఎప్పుడూ అనుమతి లేదు. మన దేశంలో కూడా పన్నెండేళ్ల లోపు పిల్లలకి 2011 నుంచి నిషేధం. అయినా అమ్మమ్మల సంచుల్లో మనవల కోసమని వెళ్లడం నాకు తెలుసు. వాంతులకి వాడే డోంపెరిడోన్‌కీ అక్కడ అనుమతి లేదు. నిద్రకి ఆల్ప్రజోలాం, నొప్పికి ట్రమడాల్ అంటే అవి అక్కడ నియంత్రిత మందుల జాబితాలో ఉన్నవి. తెలిసినవాళ్ల కోసం ఒక స్ట్రిప్పు పట్టుకెళ్లడం అనే మంచితనం వీటి విషయంలో అస్సలు పనికిరాదు.

చట్టం ఏం చెబుతుందో కూడా మన వాళ్లలో చాలామందికి సగం సగమే తెలుసు. "మూడు నెలలవి తీసుకెళ్లొచ్చు కదా" అంటారు. నిజానికి సొంత వాడకానికైనా బయటి దేశం నుంచి మందు తేవడం అమెరికా చట్టం ప్రకారం చాలా సందర్భాల్లో కుదరదు. అయితే అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అధికారులు కొన్ని షరతులుంటే అడ్డు చెప్పకుండా వదిలేయవచ్చు. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, దానికి అక్కడ సరైన వైద్యం అందుబాటులో లేకపోవాలి, మందు వల్ల పెద్ద ముప్పు ఉండకూడదు, అమ్మకానికి కాదని, సొంతానికేనని రాసివ్వాలి, వైద్యం చేస్తున్న అమెరికా డాక్టరు పేరు చెప్పాలి లేదా వేరే దేశంలో మొదలైన వైద్యానికి కొనసాగింపని చూపాలి, మామూలుగా మూడు నెలలకు మించి ఉండకూడదు. ఇందులో డాక్టరు పేరు చెప్పాలన్న షరతు చూడండి. గుట్టుగా తీసుకెళ్లేవాళ్లకి మొదట తప్పిపోయేది ఇదే. మూడు నెలలన్నది హక్కు కాదు, అక్కడ నిలబడ్డ అధికారి ఇష్టం. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వెళ్లే తల్లిదండ్రుల సంగతి వేరు. వాళ్లు ఇక్కడి డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీ, ఉత్తరం దగ్గర ఉంచుకోవాలి. మూడు నెలలకి మించి ఉండాల్సి వస్తే వీసా, పాస్‌పోర్టు నకళ్లు, డాక్టరు ఉత్తరం, చీటీ జతచేసి మందు పంపించుకునే దారి ఉంది. ఈ దారి ఉందని మా షాపుకి వచ్చేవాళ్లలో తెలిసినవాళ్లు అరుదు.

మొన్న జనవరిలో ఒక తల్లీ కూతురూ నా షాపు బల్ల మీదే కూర్చుని కత్తెరతో స్ట్రిప్పులు కత్తిరించడం మొదలుపెట్టారు. పది మాత్రల స్ట్రిప్పుని అయిదూ అయిదుగా చేసి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో సర్దితే జాగా కలిసొస్తుందని. స్ట్రిప్పు మీద గడువు తేదీ, బ్యాచ్ నంబరు సాధారణంగా ఒక కొసకే అచ్చు వేస్తారు. రెండో ముక్క మీద వెండి రంగు రేకు తప్ప ఏమీ మిగల్లేదు. ఆ ముక్కని రేపు కస్టమ్స్ అధికారి చేతిలో పెడితే అది ఏ మందో ఎవరు చెప్పగలరు? ఆర్నెల్ల తర్వాత అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చి అంబులెన్సు వాళ్లొచ్చి ఈమె ఏం వేసుకుంటోందని అడిగితే కూతురు ఏం చూపిస్తుంది? కత్తెర తీసేసుకుని, డబ్బాలతో సహా మళ్లీ కట్టించాను. చేతి సంచిలో పెట్టుకోమన్నాను. ముఖ్యంగా ఇన్సులిన్ ఉంటే. తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, అది ఒక్కసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా పనికిరాదు. విమానం అడుగున లగేజీతోపాటు వేయకూడదు. వైద్యానికి అవసరమైన ద్రవాలనీ, ఐస్ ప్యాకులనీ క్యాబిన్‌లోకి అక్కడి భద్రతా సిబ్బంది అనుమతిస్తారు, ముందే చెప్పి చూపిస్తే చాలు.

బిల్లు ఎందుకు వద్దనకూడదో చెబితే మా వృత్తిలోని చేదు కూడా చెప్పాల్సి వస్తుంది. నకిలీ మందులు మన దగ్గర ఉన్నాయి. 2024లో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు అసలు మందే లేకుండా సుద్దపొడి, పిండితో చేసిన మాత్రల్ని పట్టుకున్నారు. అందుకే లైసెన్సు గోడకి తగిలించి ఉన్న షాపులోనే కొనాలి. బిల్లు మీద బ్యాచ్ నంబరు, గడువు రాయించుకోవాలి. నాలుగు రూపాయలు తగ్గిస్తామన్నా బిల్లు లేకుండా ఇచ్చే చోటికి పోకూడదు. ఆ బ్యాచ్ బాగాలేదని రేపు ప్రకటన వస్తే, మన దగ్గరున్నది అదో కాదో చెప్పేది ఆ బిల్లే. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల ప్యాకెట్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. ఫోన్ పెడితే తయారీదారు పేరు, బ్యాచ్, గడువు కనపడాలి. దీన్ని వాడి చూసుకునేవాళ్లు ఇంకా తక్కువ. షెడ్యూల్ హెచ్, హెచ్1 అనే జాబితాల్లోని మందులకి ఇక్కడ రిజిస్టరైన డాక్టరు చీటీ ఉండాలి. అమెరికా చీటీ చూపించి ఇవ్వమంటే మాకు కుదరదు. అది మొండితనం కాదు, హెచ్1 మందులకి మేం రాసే రిజిస్టరుని మూడేళ్లు భద్రంగా ఉంచి, అడిగితే చూపించాలి. ఊళ్లో డాక్టరు దగ్గరికి ఒక పూట వెళ్లి, అక్కడి రిపోర్టులు చూపించి, ఇంగ్లీషులో చీటీ రాయించుకుంటే రెండు దేశాల్లోనూ పనికొస్తుంది.

మెక్సికో సంగతీ ఒక మాట చెప్పాలి. శాన్‌డియేగో, ఫీనిక్స్, దక్షిణ టెక్సస్ వైపు ఉండే మీ వాళ్లు కొందరు సరిహద్దు దాటి అక్కడి ఫార్మసీల్లో కొంటారని వాళ్లే చెప్పారు. 2023 మొదట్లో లాస్ ఏంజెలిస్ టైమ్స్ విలేకరులు ఆ ఫార్మసీల్లో కొన్నిట్లో విడి మాత్రలు కొని పరీక్షిస్తే నొప్పి మాత్రల్లో ఫెంటనిల్, ఇతర మాత్రల్లో మెథాంఫెటమిన్ బయటపడ్డాయి. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వం కూడా ప్రయాణికుల్ని హెచ్చరించింది. సీసాలోంచి పోసి ఇచ్చే విడి మాత్ర ఏ దేశంలోనూ కొనొద్దు.

ఇప్పుడు మీ నుంచి నేను కోరేది చెబుతాను. మీ మహాసభల్లో ఆరోగ్య శిబిరాలు పెడతారు, మీలోనే బోలెడంత మంది డాక్టర్లు, ఫార్మసిస్టులు ఉన్నారు. ఈసారి ఒక బల్ల ఇండియా మందులకోసమే వేయండి. ఇంట్లో ఉన్న మందుల సంచి తెచ్చుకోమనండి. ఒక ఫార్మసిస్టు కూర్చుని ఒక్కొక్క స్ట్రిప్పు మీద ఏముందో చదివి, అక్కడి పేరు పక్కన రాసి, ఆ కాగితాన్ని వాళ్ల డాక్టరుకి ఇవ్వమనండి. అక్కడే నాలుగు డాలర్లకి దొరికే మందు ఏదో, ఇక్కడ కొంటేనే గిట్టుబాటయ్యే మందు ఏదో కూడా అక్కడికక్కడే చెప్పొచ్చు. తిట్టకుండా, తప్పుపట్టకుండా చెప్పడం ముఖ్యం. అవమానం అనిపిస్తే రెండోసారి సంచి ఇంట్లోంచి కదలదు. మీ డాక్టర్లకీ ఒక మాట: మన పేరున్న పేషెంటు వస్తే "ఏం మందులు వాడుతున్నారు" అని వదిలేయకండి, "ఇండియా నుంచి తెచ్చుకున్నవి ఏమైనా ఉన్నాయా" అని తెలుగులోనే అడగండి.

రెండోది కాస్త పెద్ద పని, నియమం మార్చమని బహిరంగంగా అడగడం. 2003 మెడికేర్ చట్టం కెనడా నుంచి చవక మందులు తెచ్చుకోవడానికి దారి చూపింది. దాని కింద మొదటిసారి ఒక రాష్ట్రానికి, ఫ్లారిడాకి, అనుమతి వచ్చింది 2024 జనవరిలో. ఇరవై ఏళ్లు పట్టింది. 2019లో షుగరున్న పిల్లల తల్లులు ఇన్సులిన్ కోసం బస్సులెక్కి కెనడా వెళ్లి, కెమెరాల ముందు కొని చూపించారు. దాచుకోలేదు. 2023లో మెడికేర్‌లో ఇన్సులిన్ నెలకి 35 డాలర్లకి మించకూడదన్న పరిమితి అమల్లోకి వచ్చింది. ఆ ఏడాదే పెద్ద కంపెనీలు ధరలు తగ్గిస్తామని ప్రకటించాయి. ఆ మార్పు వెనక ఆ తల్లులూ ఉన్నారని నేను నమ్ముతాను. మీ వేదికల మీదికి కాంగ్రెస్ సభ్యులు వస్తారు, మీ మాట వింటారు. సొంతానికి మూడు నెలల మందు, డాక్టరు చీటీతో, అసలు ప్యాకెట్లో తెచ్చుకునే వీలుని అధికారి దయగా కాకుండా రాతపూర్వకమైన నియమంగా మార్చమని అడగండి. అడిగేవాళ్లలో డాక్టర్లూ ఉంటే ఆ మాటకి బరువుంటుంది.

నా వంతుగా, ఇక్కడ ఎక్కువగా అడిగే మందుల పేర్లు, అక్కడి పేర్లు, అక్కడ అనుమతి లేనివీ, నియంత్రణలో ఉన్నవీ ఒక పట్టీగా రాసి పెట్టాను. దాన్ని అచ్చు వేయడానికి ముందు మీ ఫార్మసిస్టులు ఒకసారి సరిచూడాలి. ఈ డిసెంబరు రద్దీకి ముందే ఆ పని పూర్తి కావాలి. మీలో ఎవరు చూస్తారో నిర్ణయించి చెప్పండి, పట్టీ పంపుతాను.

గౌరవంతో,
సూర్యారావుపేట నుంచి ఒక ఫార్మసిస్టు
విజయవాడ